లెక్క చెప్పవలసినవాడు

ఢిల్లీ నగరమున కాపురముండి పుస్తకములయందు ప్రీతిగల వారిలో దర్యాగంజ్ ఆదివారపు సంతను ఎరుగనివారు అరుదు. 2019 వరకు ఆ సంత వీధి వెంబడి కాలిబాటల మీదనే సాగెను. ఆ యేడు దానిని అసఫ్ అలీ రోడ్డునందలి మహిళా హాట్ ఆవరణలోనికి మార్చిరి. చోటు మారినను పద్ధతి మారలేదు. గ్రంథములు కుప్పలుగా పోసి యుండును. కొందరు వర్తకులు వానిని త్రాసులో తూచి కిలోల లెక్కన విక్రయింతురు. మహాకవి కావ్యమైనను, పరీక్షల గైడైనను ఆ త్రాసుకు ఒక్కటే.

ఒక ఆదివారమునాడు ఉద్యోగవిరమణ చేసిన ఒక తెలుగు పెద్దమనిషి తన మనుమరాలిని వెంటబెట్టుకొని ఆ సంతకు వచ్చెను. ఆయనకు కావలసినవి పాత హిందీ నిఘంటువులు. పదమూడేండ్ల ఆ బాలికకు కావలసినది 'ఏనిమార్ఫ్స్' అను ఇంగ్లీషు నవలల పరంపర. అందు 54 సంపుటములు కలవు. వానిని ఆమె రెండేండ్లుగా ఒక్కొక్కటిగా కూర్చుకొనుచున్నది. ఆనాడు 53వ సంపుటము కుప్ప అడుగున దొరికెను. తాత నిఘంటువు బేరములో మునిగియుండగా బాలిక గోడకు ఆనుకొని కూర్చుండి ఆ పుస్తకమును చివరివరకు చదివెను. చదివి లేచి వచ్చి అడిగినది.

"తాతయ్యా, జేక్ ఒక్క మాటతో పదిహేడువేల మూడువందల డెబ్బైరెండు మందిని చంపించాడు. పదిహేడువేలు అంటే చాలదా? ఆ డెబ్బైరెండు కూడా ఎందుకు చెప్పాలి?"

పిల్లలు అడుగు ప్రశ్నలలో కొన్ని పెద్దలకు తెలిసిన విషయములను గూర్చియే యుండును గాని, జవాబు మాత్రము పెద్దలయొద్ద సిద్ధముగా నుండదు. ఇది అట్టి ప్రశ్న.

ఆ కథాపరంపరను అమెరికా రచయిత్రి కె. ఏ. ఆపిల్‌గేట్ తన భర్త మైకేల్ గ్రాంట్ తోడ్పాటుతో కల్పించినది. ఇది 1996 మొదలు 2001 వరకు వెలువడెను. సంపుటములు పెక్కుగుటచే వానిలో కొన్నింటిని, ఆమె ఇచ్చిన ప్రణాళికను బట్టి, ఇతరులు వ్రాసిరి. కథ స్థూలముగా ఇది. యీర్కులు అను పరలోకజీవులు జలగలను బోలిన చిన్న ప్రాణులు. అవి మనుష్యుని చెవి గుండ దూరి మెదడును చుట్టుకొని అతని దేహమును స్వాధీనపరచుకొనును. బయటికి మనిషి యథాప్రకారముగనే కనబడును. తండ్రి తండ్రివలెనే నవ్వును, ఉపాధ్యాయుడు ఉపాధ్యాయునివలెనే పాఠము చెప్పును. లోపలనున్నది మాత్రము శత్రువు. ఈ రహస్యదండయాత్రను ఐదుగురు పిల్లలు కనుగొందురు. మరణించుచున్న ఒక పరలోకవీరుడు వారికొక శక్తి నొసగును. తాకిన జంతువు రూపమును వారు ధరింపగలరు. కాని రెండు గంటలు దాటినచో ఆ రూపమే శాశ్వతమగును. మొదటి సంపుటమునందే టొబయస్ అను బాలుడు ఆ గడువు దాటి డేగగా మిగిలిపోవును. యుద్ధపు మూల్యము కథ మొదటి అంకముననే చెల్లింపబడుచున్నది.

ఆ పిల్లలకు నాయకుడు జేక్. అతడు నాయకత్వమును కోరుకొనలేదు. తక్కినవారు అతనివైపు చూచిరి, అంతే. జేక్ అన్న టామ్ అప్పటికే శత్రువు వశమైనవాడు. అందుచేత జేక్ రాత్రివేళ శత్రువుతో పోరాడి, తెల్లవారినంతనే ఆ శత్రువు నివసించుచున్న దేహముతో ఒకే బల్లయొద్ద కూర్చుండి భుజింపవలెను. తొలి సంపుటములలో అతడు ప్రతి పోరాటమునకు ముందు మిత్రుల నడిగి నిర్ణయించును. యుద్ధము ముదిరినకొలది అడుగుట తగ్గును, ఆజ్ఞాపించుట పెరుగును. ఎవరిని ఏ పనికి వినియోగింపవలెనో అతనికి బాగుగా తెలియును. మార్కోకు కుయుక్తి, కాసీకి కరుణ, రేచెల్‌కు సాహసము. మిత్రుల స్వభావములను పనిముట్లుగా ఎంచి చూచుట నాయకునికి తప్పనిసరియగు నేర్పు. ఆ నేర్పు అతని స్నేహమునకు పట్టిన తుప్పు.

చివరి పోరాటములో జేక్ చేసిన నిర్ణయములు మూడు. శత్రువుల దృష్టి మరలించుటకై, కొత్తగా దళములో చేర్చుకొనబడిన వికలాంగులగు పిల్లలను ముందునకు పంపెను. వారందరు మరణించిరి. టామ్‌ను చంపుటకు రేచెల్‌ను పంపెను. ఆమె టామ్‌ను చంపి తానును చచ్చిపోయెను. తిరిగిరాదని ఎరిగియే జేక్ ఆమెను పంపినాడు. శత్రునౌకలోని కొలనులో, ఏ దేహమునందును లేక, చూపు లేక, ఆయుధము లేక ఈదులాడుచున్న యీర్కులను శూన్యాకాశములోనికి వెడలగొట్టుమని ఆజ్ఞ యిచ్చెను. ఆ కొలనులోనున్నవారి సంఖ్యయే 17,372.

రచయిత్రి ఆ సంఖ్యను గుండుగా ఏల చెప్పలేదు? బాలిక ప్రశ్నయందలి సారమిదియే. 'వేలకొలది' అన్నప్పుడు చదువరి మనస్సున ఒక మబ్బు కదలును. 17,372 అన్నప్పుడు చివరి ఇద్దరును మబ్బునుండి విడివడి నిలుచుందురు. గుండుసంఖ్య విజయమును వర్ణించుటకు పనికివచ్చును. తుదివరకు లెక్కించిన సంఖ్య అపరాధమును మోయుటకు మాత్రమే పనికివచ్చును. యుద్ధము ముగిసిన పిమ్మట హేగ్ నగరమున శత్రునాయకుని విచారణ జరుగును. అతని పక్షపు న్యాయవాది ఈ సంఖ్యను జేక్ ముఖము ముందుంచి, యుద్ధనేరస్థుడు ఎవరని అడుగును. గెలిచినవాడు సాక్షిగా వచ్చి ముద్దాయివలె నిలువబడినాడు.

పిల్లలకై వ్రాయబడిన తక్కిన విఖ్యాత విజ్ఞానకల్పనలు ఇదే చిక్కును వేరు త్రోవలలో ఎదుర్కొన్నవి. ఆర్సన్ స్కాట్ కార్డ్ 1985లో ప్రకటించిన 'ఎండర్స్ గేమ్' నవలలో పెద్దలు ఒక బాలుని సేనాపతిగా తీర్చిదిద్దుదురు. కాని అతడు నడపుచున్నది నిజమగు యుద్ధమని అతనికి చెప్పరు. ఆటయని నమ్మి అతడు ఒక జాతి స్వస్థానమును భస్మము గావించును. లెక్క తెలిసినచో చేయి వణకునని పెద్దల భయము. సుజాన్ కాలిన్స్ 2008–2010 నడుమ ప్రకటించిన 'హంగర్ గేమ్స్' త్రయములో తిరుగుబాటు నాయకురాలు కాయిన్ వేరొక తెగకు చెందినది. ఆమెకు లెక్క తెలియును, కాని ఆ లెక్కను ఆమె పెట్టుబడిగా చూచును. బాంబులకు గురియైన పిల్లలలో, వారిని కాపాడ పరుగెత్తినవారిలో, కథానాయిక చెల్లెలుండును. మొదటి కథలో నాయకునికి లెక్క దాచబడినది. రెండవదానిలో నాయకురాలికి లెక్క బాధింపలేదు. జేక్ కథలో మాత్రమే నాయకునికి లెక్క తెలియును, బాధించును, అయినను ఆజ్ఞ వెలువడును.

ఆశ్చర్యమేమన, ఈ కథలు చేరు తీరము ఒక్కటే. ఎండర్ తాను నాశనము చేసిన జాతి చరిత్రను, ఆ జాతి పక్షమున నిలిచి, గ్రంథముగా వ్రాయును. కాట్నిస్ తన సహచరులతో గూడి మృతుల జ్ఞాపకములను ఒక పుస్తకమున పొందుపరచును. జేక్ న్యాయస్థానమున ఆ ప్రశ్నను వినవలసివచ్చును. గెలుపు తరువాత నాయకునికి మిగులు పని సింహాసనము కాదు, పద్దు.

తాత మనుమరాలికి ఇదంతయు చెప్పలేదు. ఆయనకు ఆ పుస్తకములు తెలియవు. సంత నుండి ఫిరోజ్‌షా కోట్లా కొద్ది దూరమే. నిఘంటువు ఒక చేత, మనుమరాలి చేయి ఒక చేత పట్టుకొని ఆయన అటు నడిచెను. శిథిలమైన ఆ కోటలో, అంతస్తులుగా కట్టిన కట్టడముపైన, అశోకుని శిలాస్తంభము నిలిచియున్నది. ఫిరోజ్‌షా తుగ్లక్ పదునాలుగవ శతాబ్దమున దానిని టోప్రా గ్రామమునుండి తెప్పించి యక్కడ నిలిపెను. దానిపైనున్న లిపి ఏమి చెప్పుచున్నదో ఆనాటి పండితు లెవ్వరును చదువలేకపోయిరి. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ ఆ లిపి రహస్యమును ఛేదించెను.

ఆ స్తంభముపై కళింగయుద్ధము మాట లేదు. అది అశోకుని పదమూడవ శిలాశాసనమునందు కలదు. లక్షా యాబదివేలమంది చెరగొనిపోబడిరి, లక్షమంది హతులైరి, అంతకు ఎన్నో రెట్లు ఆ తరువాత మరణించిరి అని జయించిన రాజే రాతిమీద చెక్కించెను. అంతటితో ఆగలేదు. తమకు గాయము తగలకున్నను తమ మిత్రులకు, బంధువులకు కలిగిన ఆపదచే దుఃఖించువారిని గూడ ఆ పద్దులో చేర్చెను. తెలుగుదేశమున కర్నూలు జిల్లాయందలి ఎర్రగుడి బండలపై ఈ శాసనము నేటికిని చూడవచ్చును. కాని కళింగదేశమునందలి ధౌలి, జౌగడలలో పెక్కు శాసనములు చెక్కించి, పదకొండవ, పండ్రెండవ శాసనములతోపాటు ఈ పదమూడవదానిని గూడ విడిచిపెట్టిరి. దుఃఖమును లోకమంతటికి ప్రకటించిన రాజు, దుఃఖితుల యెదుట మాత్రము మౌనము వహించినాడు. ఓడినవారి మనస్సు నొప్పింపరాదని కావచ్చును. వారి కన్నులలోనికి చూడలేక కావచ్చును. లెక్క చెప్పుటయు, లెక్క చెప్పవలసినవారికి చెప్పుటయు ఒక్కటి కావని ఆ ఖాళీ బండ బోధించుచున్నది.

ఈ కోట్లా శిథిలములలోనే 1963లో ఇబ్రహీం అల్కాజీ, ధర్మవీర్ భారతి రచించిన 'అంధాయుగ్' నాటకమును ప్రదర్శించెను. కురుక్షేత్రయుద్ధపు పదునెనిమిదవనాటి సంధ్యతో ఆ నాటకము ప్రారంభమై కృష్ణనిర్యాణముతో ముగియును. గెలిచినవారికి అందులో సుఖము లేదు. పుత్రులను పోగొట్టుకొన్న గాంధారి కృష్ణుని శపించినప్పుడు అతడు వాదింపడు. ఆ యుద్ధమున నేలకొరిగిన ప్రతివానిలోను మరణించినది తానే యని ఒప్పుకొని శాపమును స్వీకరించును. నాయకుడు పలుకదగిన మాటలలో దానికి మించిన మాట ఉండదు. శత్రువు మృతిని గూడ తన మృతిగా లెక్క వ్రాసికొనుట అది.

ఆనాటి ప్రేక్షకులలో ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ గూడ ఉండెను. చీనాతో జరిగిన యుద్ధము ముగిసి అప్పటికి ఏడాది గడిచినది. ఆ నాటకము చూచుచు ఆయన ఏమి తలపోసెనో ఎవరును చెప్పలేరు. చెప్పదగినవి సంఖ్యలు మాత్రమే. ప్రభుత్వపు లెక్క ప్రకారము ఆ యుద్ధమున భారతపక్షమున హతులు 1,383 మంది. ఆచూకీ తెలియనివారు 1,696 మంది. ఓటమికి కారణములను విచారించి సైన్యాధికారులు 1963లో సమర్పించిన నివేదికను ప్రభుత్వము దశాబ్దములపాటు వెల్లడి చేయలేదు. సంఖ్య వెలువడెను, సమాధానము పెట్టెలో నుండిపోయెను.

ఢిల్లీకి దక్షిణముగా, నేడు రాజధాని ప్రాంతమున చేరిన గురుగ్రామ్, రేవాడీ ప్రాంతముల గ్రామములలో ఆ లెక్క వేరు విధముగా నిలిచియున్నది. 1962 నవంబరు 18వ తేదీన లదాఖ్‌లోని రెజాంగ్ లా కనుమయొద్ద పోరాడిన కుమావూఁ పటాలపు 13వ దళములోని చార్లీ కంపెనీ సైనికులలో అత్యధికులు ఈ గ్రామముల అహీరు యువకులు. దాదాపు 120 మందిలో 114 మంది అక్కడనే నేలకొరిగిరి. వారి నాయకుడు మేజర్ షైతాన్ సింగ్ మొదట క్షేమముగా వెనుకనుండి ఆజ్ఞ లిచ్చినవాడు కాడు. ఒక స్థానమునుండి మరియొక స్థానమునకు తిరుగుచు గాయపడి, వారితోనే మరణించెను. మంచు కరిగిన తరువాత వారి శరీరములు తుపాకులు పట్టుకొన్న భంగిమలలోనే కనబడెనని చెప్పుదురు. ఆ గ్రామములలో 114 అనునది సంఖ్య కాదు. అది వరుసగా చెప్పగల పేళ్ల జాబితా. తన ప్రాణముతో లెక్క చెల్లించిన నాయకుని ఎవరును ప్రశ్న అడుగరు. బ్రతికిమిగిలిన నాయకుడే సమాధానము చెప్పవలసియుండును. జేక్ విషయము అట్టిది.

ధర్మరాజు విషయమును అట్టిదే. వ్యాసభారతము స్త్రీపర్వమునందు ధృతరాష్ట్రుడు ధర్మరాజును ఒక ప్రశ్న అడుగును: చచ్చినవా రెందరు, బ్రతికినవా రెందరు? నూర్గురు కుమారులను పోగొట్టుకొన్న గ్రుడ్డి తండ్రి, గెలిచినవానిని అడిగిన ప్రశ్న అది. ధర్మరాజు తప్పించుకొనలేదు. హతులైనవారు 166 కోట్ల 20 వేలమందియని, కానరానివారు 24,165 మందియని చెప్పెను. ఆ సంఖ్యలు ఇతిహాసపు సంఖ్యలు, చరిత్రవి కావు. కాని వాని నిర్మాణము గమనింపదగినది. హతుల లెక్క వేలతో ఆగినది. కానరానివారి లెక్క మాత్రము ఒకట్ల స్థానము వరకు వచ్చినది. ఏలన, చచ్చినవానికి కర్మ చేసి ఇంటివారు ఏడ్చి ఊరడిల్లుదురు. కానరానివానికై ఎవరో ఒకరు వాకిట నిలిచి ఇంకను ఎదురుచూచుచునే యుందురు. ఎదురుచూచువారికి గుండుసంఖ్య చెప్పరాదు.

ఇంత కచ్చితముగా లెక్క చెప్పిన ధర్మరాజు పద్దులో ఒక దోషము మిగిలియుండెను. మృతులకు జలతర్పణము లిచ్చునప్పుడు కుంతీదేవి నోరు తెరచి, కర్ణునికి గూడ నీరు విడువుము, అతడు నీ అన్న అని చెప్పెను. సంఖ్య సరియైనదే, శీర్షిక తప్పినది. శత్రువుల క్రింద వ్రాసిన ఒక్క పేరు స్వజనుల క్రిందికి మారెను. ఆ ఒక్క మార్పుతో రాజ్యమంతయు అతనికి చేదైనది; అడవికి పోయెదనని పట్టుపట్టెను. శాంతిపర్వమంతయు ఆ ఏడ్పునుండి పుట్టినదే. దిన్‌కర్ 1946లో వెలువరించిన 'కురుక్షేత్ర' కావ్యమునకును విజేతయగు ధర్మరాజుని ఈ వేదనయే మూలము. అన్న యని ఎరుగక అన్న మరణమునకు కారకుడైనవాడు ధర్మరాజు. అన్న యని ఎరిగియు ఆజ్ఞ యిచ్చినవాడు జేక్. మొదటివానికి పశ్చాత్తాపము కలదు. రెండవవానికి పశ్చాత్తాపమును సులభముగా దొరకదు, ఏలన మరల అదే స్థితి వచ్చినచో మరల అదే చేయుదునేమో యను శంక అతని నెన్నడును విడువదు.

ఇట్టి కథలు పిల్లలకు తగునా యని అడుగువారు కలరు. చివరి సంపుటము వెలువడినప్పుడు పలువురు బాలపాఠకులు కోపించి రచయిత్రికి లేఖలు వ్రాసిరి. రేచెల్ ఏల చచ్చిపోవలెను? గెలిచినవారు ఏల సంతోషముగా ఉండలేదు? యుద్ధములు ఉత్సవముతో ముగియవనియు, గెలిచినవారు గూడ విరిగినవారై తిరిగివత్తురనియు ఆమె వారికి సమాధానము చెప్పినది. అది కఠినమే. కాని పిల్లల చేతికి ప్రపంచము ఇచ్చు తక్కిన యుద్ధకథలను గమనింపుడు. ఆటలలో శత్రువు కూలినప్పుడు అంకె పెరుగును. అది ఆడువాని ఖాతాలో జమ. ఈ కథలలో శత్రువు కూలినప్పుడును అంకె పెరుగును. అది నాయకుని ఖాతాలో అప్పు. ఒకే అంకెను జమగా చదువుటకును అప్పుగా చదువుటకును నడుమనున్న భేదము పదమూడేండ్ల ప్రాయమున తెలియకపోయినచో, నలువది యేండ్లు వచ్చి అధికారము చేతికందిన తరువాత తెలియుట కష్టము.

అయినను ఒక హెచ్చరిక అవసరము. లెక్క చెప్పినంతమాత్రమున నాయకుడు నిర్దోషి కాజాలడు. కన్నీటితో చెప్పిన సంఖ్య గూడ కొన్నిసార్లు వేషమగును. ఆ కథ జేక్‌ను విడుదల చేయదు. రేచెల్‌ను ప్రేమించిన టొబయస్ ఆమె చితాభస్మమును తీసికొని ఎగిరిపోవును. ఏండ్లతరబడి జేక్ ముఖము చూడడు. న్యాయస్థానము ఏమి చెప్పినను, లోకము ఎన్ని పతకములు తొడిగినను, క్షమింపవలసినవాడు ఆ డేగ యొక్కడే. రచయిత్రి ఆ క్షమను జేక్‌కు చౌకగా ఇప్పించలేదు. ఆ నిగ్రహమే ఆ పరంపరకు గౌరవము.

కోట్లాలో స్తంభపు నీడ పొడుగైనది. బాలిక 53వ సంపుటమును ఒడిలో పెట్టుకొని మెట్లమీద కూర్చున్నది. తాత ఆమెకు ధర్మరాజు చెప్పిన రెండు సంఖ్యలను చెప్పెను. ఆమె రెండవదానిని మరల అడిగి, వ్రేళ్లపై ఎంచుచున్నట్లుగా పలికెను.

"ఇరవైనాలుగువేల నూట అరవైయైదు. అంటే ఆ ఐదుగురు కూడా ఎవరో ఆయనకు తెలుసా?"

"తెలుసో తెలియదో గాని, అమ్మా, వాళ్లను వదిలిపెట్టకూడదని తెలుసు."

"అయితే జేక్ చేసింది తప్పా, ఒప్పా?"

తాత కొంతసేపు పలుకలేదు. "అది నేను చెప్పలేను. కాని ఆ డెబ్బైరెండు మందిని అతడు మరిచిపోయి ఉంటే, అప్పుడు మాత్రం తప్పే అనేవాణ్ణి. తరువాతి పుస్తకంలో ఏముందో?"

"అది ఇంకా దొరకలేదు."

"వచ్చే ఆదివారం వెదుకుదాం."

ఇరువురును లేచి ఢిల్లీ దర్వాజా వైపు నడిచిరి. బాలిక ప్రశ్న తీరలేదు. తీరనందువలననే అది ఆమెతో ఇంటికి వెళ్లినది.